పన్నెండో రాయి

ఉంగరం కొనాలంటే ఈ కాలపు పిల్లలు వారం రోజులు ఫోను చూస్తారు. అంగడికి వచ్చాక మాత్రం రాయిని పది నిమిషాలు కూడా చూడరు. మొన్న మా వీధిలో పెళ్ళి కుదిరిన ఒక కుర్రవాడు నా దగ్గరకు వచ్చి, "పెదనాయనా, మీరు వజ్రాలు అమ్మినారంట గదా. గుండ్రటి రాళ్ళు నాలుగు పెడితే అందులో ఏది మంచిదో ఎట్టా తెలుస్తాది?" అని అడిగాడు. కూర్చోమన్నాను. ఒక కాఫీ తాగేలోపు చెప్పేయవచ్చనుకున్నాను. రెండో కాఫీ అయ్యేసరికి కథ సగానికి కూడా రాలేదు, అతనికేదో అర్జెంటు పని గుర్తొచ్చి లేచిపోయాడు. ఆ పారిపోయినవాడి కోసం ఇది రాస్తున్నాను. మీలో ఉంగరం కొనబోయేవాళ్ళుంటే మీకూ పనికొస్తుంది. దీన్ని పాఠమనుకోకండి. ముప్పయ్యేళ్ళ అనుభవమున్న ఒక పెద్దమనిషి ఒక ముసురు రోజున బుద్ధి తెచ్చుకున్న సంగతి, అంతే.

ఆ పెద్దమనిషిని నేనే. నెల్లూరు బంగారు అంగళ్ళ వీధిలో ఒకే దుకాణంలో పనిచేశాను. వెండి గిన్నెల దగ్గర మొదలై, పట్టీలు, కమ్మలు దాటుకుంటూ హారాల దాకా ఎదిగాను. అన్నేళ్ళలో నాకు అర్థమైందేమంటే, మా వైపు జనం ఏ నగ చూసినా రెండే ప్రశ్నలు అడుగుతారు. ఎంత తూగుతుంది, ఎంత దూరానికి కనపడుతుంది. వడ్లు పుట్లలో లెక్కపెట్టుకున్న ఊళ్ళు మావి, తూకానికి రానిదాన్ని నమ్మం. ఇక పెళ్ళి పందిట్లో ఈ మూల కూర్చున్నామె ఉంగరం ఆ మూల కూర్చున్న తోడికోడలికి కనపడకపోతే అది కొన్నా ఒకటే, కొనకున్నా ఒకటే. నేనూ ఆ గాలి పీల్చి పెరిగినవాణ్ణే, నా లెక్కా అదే.

రిటైరవడానికి ఆరేళ్ళ ముందు మా షావుకారు గారికి వజ్రాల మీద మనసు పోయింది. ముత్తుకూరు వైపు ఓడరేవు, కరెంటు ప్లాంట్లు వచ్చాక నెలజీతాలవాళ్ళు పెరిగారు. వాళ్ళు అంగడికి వచ్చి వజ్రపుటుంగరం అడిగేవాళ్ళు, మా దగ్గర లేదనగానే చెన్నై రైలెక్కేవాళ్ళు. ఆ రైలు ఎక్కనీయకూడదని ఆయన పట్టుదల. కింద అంతస్తులో అద్దాల కౌంటరొకటి కట్టించి, పైన తెల్లటి లైట్లు డజను బిగించి, దాన్ని నాకు అప్పజెప్పారు. మూడు రోజుల శిక్షణకు చెన్నై పంపారు. చివరి రోజున వాళ్ళు ఒక సర్టిఫికెట్టూ, ఒక టై ఇచ్చారు. సర్టిఫికెట్టు ఇంట్లో గోడకు తగిలించాను, టై మెడకు తగిలించాను. నెల్లూరు ఎండలో టై కట్టుకుని బంగారం అమ్మిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

ఆ మూడు రోజుల్లో చెప్పిందేమంటే, వజ్రానికి నాలుగు చూడాలి. బరువు, రంగు, లోపల మచ్చలున్నాయా లేవా, నాలుగోది కోత. రాయికి పట్టిన ముఖాలన్నీ సరైన కోణంలో, సరైన లోతులో కోశారా లేదా అన్నది. దాన్నే కట్ అంటారు. దాని గురించి చెప్పింది మూడో రోజు మధ్యాహ్నం, భోజనం తర్వాత. ఆ రోజు సాంబారు చాలా బాగుంది. నేను ఆ గంటంతా కళ్ళు తెరుచుకునే నిద్రపోయాను. లేచాక, గుండ్రటి రాయి గుండ్రంగా ఉంటే చాలదా, ఇంకేం కోత అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మిగతా కథంతా ఆ కునుకులోంచి పుట్టింది.

మా అంగడి మేడమీద ఉత్తరపు కిటికీ పక్కన రాళ్ళు పొదిగే భాయ్ కూర్చునేవాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద, తాతల నాటి నుంచీ వాళ్ళింట్లో అదే పని. కెంపు గానీ పచ్చ గానీ, అంగట్లోకి ఏ రాయి వచ్చినా ముందు ఆ కిటికీ దగ్గరకు పోవాలి. ఆయన తెల్లకాగితం నడుమకు మడిచి, ఆ మడతలో రాయి పెట్టి, చేత్తో నీడపట్టి చూసి ఊఁ అన్నాకే కిందికొచ్చేది. షావుకారు గారి తండ్రి పెట్టిన ఆచారం అది. దాన్ని తప్పించిన ఘనత నాది.

వజ్రాలు తేవడానికి చెన్నై బయల్దేరుతుంటే భాయ్ అడిగాడు. "నేనూ రానా సామీ, తోడుగా?"

"ఎందుకు భాయ్, ఇవి కెంపులు కావు. వీటికి సర్టిఫికెట్లుంటాయి" అన్నాను, టై సర్దుకుంటూ.

"కాగితం ఉంటే మంచిదేలే" అని ఆయన మళ్ళీ బంగారం అరగదీసే తన ఆకురాయి అందుకున్నాడు. నేను ఆ మాటను మెప్పుగానే తీసుకున్నాను.

చెన్నైలో వ్యాపారి నా ముందు నల్లటి గుడ్డ పరిచి, బల్ల మీది దీపాన్ని దగ్గరకు జరిపాడు. అర కేరట్ రాళ్ళు, అన్నీ గుండ్రటివే. వాటిలో కొన్ని అదే బరువుకు వెడల్పుగా కనపడ్డాయి. ధర కూడా తక్కువ. బరువు అర కేరట్టే, కనపడేది మాత్రం అంతకన్నా పెద్దగా. మా జనానికి ఇంతకన్నా ఏం కావాలి? అట్లాంటివి పదకొండు ఏరాను. డజను నిండాలని వ్యాపారి ఇంకొకటి చేర్చాడు. అది అదే బరువైనా చూపుకు చిన్నదిగా, ముడుచుకున్నట్టు ఉంది, పైగా ధర ఎక్కువ. వద్దంటే బాగుండదని తీసుకున్నాను. మూడు నెలలు గడువు, అమ్ముడుపోనివి వెనక్కి ఇచ్చేయవచ్చు. రాళ్ళు తెచ్చినరోజు మేడ మెట్లెక్కకుండా నేరుగా కౌంటర్లో పెట్టాను. పన్నెండోదాన్ని పళ్ళెంలో ఒక మూలకు తోశాను.

కౌంటర్లో నాతోపాటు ఒక అమ్మాయి ఉండేది, బుచ్చిరెడ్డిపాలెం నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్ళ నాన్నకు రైసు మిల్లులో పని. ఒకరోజు ఖాళీగా ఉన్నప్పుడు ఆ సర్టిఫికెట్లన్నీ వరసగా పెట్టుకుని చదివింది. "సార్, పదకొండింటికీ కట్ దగ్గర మూడో రకమో నాలుగో రకమో ఉంది. ఈ చిన్నదానికి మాత్రమే మొదటి రకం అని ఉంది. ఏమిటి సార్ అది?" అని అడిగింది.

"అదేం లేదులేమ్మా. కస్టమరు అడిగితే బరువు చెప్పు" అన్నాను. మిల్లులో పెరిగిన పిల్ల, బియ్యంలో నూకలెన్నో చూపుతోనే చెప్పగలదు. అట్లాంటి పిల్ల అడిగిన ప్రశ్నకు నేనిచ్చిన జవాబు అది.

రెండు నెలలు దాటినా ఒక్క రాయి కదల్లేదు. వచ్చినవాళ్ళు లైట్ల కింద చూసి అబ్బో అనేవాళ్ళు, వేలి మీద రాయి ఆనించుకుని చేతిని ఒళ్ళోకి దించి చూసి, ఎందుకో మళ్ళీ ఇచ్చేసేవాళ్ళు. ఎందుకని వాళ్ళకూ తెలీదు, నాకూ తెలీదు. నేను లైట్లను అనుమానించి ఇంకో రెండు పెట్టించాను. మూడో నెల సగమయ్యాక షావుకారు గారు పిలిచారు.

"నెలాఖరుకి గడువు అయిపోతాది. ఆలోగా ఒకటన్నా పోయిందా, కౌంటరు ఉంటాది. లేదంటే అన్నీ వెనక్కి పంపించి ఎత్తేస్తా. నువ్వు వెండి దగ్గరికి పో. ఆ అమ్మాయికి వేరే చోట చెప్పి చూద్దాం" అన్నారు. కోపంగా అనలేదు, అందుకే భయమేసింది. ముప్పయ్యేళ్ళు ఎక్కిన మెట్లన్నీ దిగి గిన్నెల దగ్గర కూర్చోవడం ఒకెత్తు. నా మూలాన ఆ అమ్మాయి పని పోవడం ఇంకొకెత్తు.

నెలాఖరుకు ఇక మూడు రోజులే. వాయుగుండం పట్టి ఉంది. రెండు రోజులుగా ముసురు. వీధిలో మోకాటి కింద దాకా నీళ్ళు, అంగట్లో మేం తప్ప పురుగు లేదు. పదకొండు గంటలప్పుడు ఒక మొగుడూ పెళ్ళాం గొడుగు ముడుచుకుంటూ వచ్చారు. ఇద్దరికీ యాభై అటూ ఇటూ ఉంటాయి. ముత్తుకూరు అవతల సముద్రం ఒడ్డు పల్లె వాళ్ళది. ఆయన పడవ మీద పోతాడు, ఆమె ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని బజారులో అమ్ముతుంది. సముద్రం మీద వేటకు పోవద్దని సర్కారువాళ్ళు చెప్పడంతో ఇద్దరికీ ఆ రోజు తీరిక చిక్కింది.

"రాయి ఉంగరం చూపించన్నా" అన్నాడాయన. అనేసి పెళ్ళాం వైపు చూశాడు. ఆమె పైట చెంగు నోటికి అడ్డంపెట్టుకుని నవ్వుతోంది.

ఆ నవ్వు వెనక ఇరవై ఎనిమిదేళ్ళ చరిత్ర ఉందని ఆమే చెప్పింది. "పెండ్లయిన కొత్తలో ఒడ్డున కూర్చోనుంటే, నీళ్ళ మింద ఎండ తళతళమంటా ఉండాది. అట్టా మెరిసే రాయి పెట్టి ఉంగరం చేయిస్తానే అన్నాడు. అప్పుటికి ఈయనకి సొంతంగా వల కూడా లేదు. నేను మా అత్తకి చెప్పుకున్నా, ఆమె వీధికంతా చెప్పింది. ఇంక చూడన్నా, మా వీధిలో ఎవురు ఏం చెప్పి చెయ్యకపోయినా రాయుంగరమే. కొళాయి వేయిస్తామని చెప్పి పోయినారు, ఏమైందంటే రాయుంగరం అయింది అంటారు. అల్లుడు పండక్కి వస్తానని రాకుంటే అదీ రాయుంగరమే."

"నవ్వుకో, నవ్వుకో. ఈరోజుతో సరి" అన్నాడాయన.

"నచ్చితేనే సరి. నచ్చకుంటే ఈ దుడ్డుతో ఐసు పెట్టెలు రెండు కొనుక్కోని పోతాం. ఒప్పుకున్నావు గదా."

ఆమె హారాల అద్దం వైపు తిరిగినప్పుడు ఆయన కౌంటరు మీదికి వంగి నాతో మెల్లగా అన్నాడు. "అన్నా, ఐసు పెట్టెలు కొన్నామంటే ఇంక ఈ జన్మకి ఇంతే. ఎట్టన్నా ఈరోజు ఆమె ఏలికి ఎక్కించాల." నా కౌంటరు కూడా ఆ వేలి మీదే ఆధారపడి ఉందని ఆయనకు తెలీదు. నాకు ఒక్కసారిగా ఆ మనిషి సొంత తమ్ముడిలా అనిపించాడు.

పళ్ళెం తీసి లైట్ల కింద పెట్టాను. పన్నెండు రాళ్ళూ దీపావళి చేశాయి. నేను నేర్చుకున్న ఉపన్యాసమంతా అప్పజెప్పాను. ఆమె చెంపకు చెయ్యి ఆనించుకుని అంతా విన్నది. విని, "అన్నీ మెరస్తన్నాయే" అంది.

"అన్నీ మంచివేనమ్మా."

"అన్నీ మంచియి ఏడన్నా ఉంటాయా అన్నా? ఈ లైట్లు ఆర్పు."

లైట్లు ఆర్పితే ఏం కనపడుతుందన్నాను. ఆమె చిన్నపిల్లలకు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది. "ఎండ ఎదురుగా కొడతా ఉంటే ఏ చేప కన్నైనా తళతళమంటాది. వేలంలో మేము ఎండకి అడ్డంగా నిలబడి, మా నీడ చేప మింద పడేట్టు చేసుకోని అప్పుడు కన్ను చూస్తాం. నీడలో మెరిసేదే ఈరోజు చేప. నీడ పడంగానే కన్ను మసకేసిందా, అది నిన్నటిది. లైట్లన్నా ఆర్పు, లేకుంటే ఇయ్యి బయటికన్నా తీసుకురా."

రాళ్ళు కౌంటరు దాటకూడదన్నది నియమం. నియమం సంగతి చెప్తే సరిపోయేది. కానీ చెన్నైలో టై కట్టించుకున్న నాకు చేపలామె పాఠం చెప్పడమేమిటని ఒళ్ళు మండింది. "అమ్మా, ఇది చేపల మార్కెట్టు కాదు" అన్నాను.

 ఆమె గొడుగు చేతికి తీసుకుంది. "పోదాం పా" అంది మొగుడితో. ఆయన ముఖం చూడాలి ఆ క్షణంలో. ఇరవై ఎనిమిదేళ్ళ మాట గుమ్మం దాకా వచ్చి తిరిగిపోతోంది, తప్పు ఆయనది కూడా కాదు.

మా కౌంటరు అమ్మాయి నెమ్మదిగా అంది. "సార్, మేడమీద భాయ్ కిటికీ ఉంది కదా. అక్కడైతే వెలుతురుకు వెలుతురు, రాళ్ళు అంగట్లోనే ఉంటాయి."

నేను నోరు విప్పేలోపు వెనక నుంచి షావుకారు గారి గొంతు వినిపించింది. "తీసుకుపో పైకి. నేనూ వస్తా, ఎట్టాగూ అంగట్లో ఎవురూ లేరు." మోకాళ్ళ నొప్పుల మనిషి ఆ మెట్లెక్కి ఎన్నేళ్ళయిందో.

మూడు నెలలు పెద్దగా పలకరించని మనిషి ముందు పళ్ళెం పెట్టడమంటే ఎంత కష్టమో మీకు ఏదో ఒకరోజు తెలుస్తుంది. భాయ్ మాత్రం నిన్నే కలిసినట్టు, "రా సామీ" అని పీట జరిపాడు. విషయం విని ఆ చేపలామెను ఒకసారి తేరిపార చూశాడు. తెల్లకాగితం మడిచి, మడతలో రాళ్ళను వరసగా పేర్చి, కిటికీ గట్టు మీద పెట్టాడు. బయట ఎండ లేదు, దీపం లేదు, మబ్బు వెలుతురు తప్ప. ఆమె కిటికీకి అడ్డంగా అరచెయ్యి పట్టింది. నీడ రాళ్ళ మీద పడింది.

మీరు నమ్మాలి, నేను ఏరిన పదకొండు రాళ్ళూ ఆరిపోయాయి. అద్దం పెంకుల్లా ఊరికే పడున్నాయి. వంగి చూస్తే ఒక్కోదాని లోపల బూడిదరంగు వలయమొకటి, పొర కమ్మిన కంటిలో లాగా. మూలకు తోసిన పన్నెండోది మాత్రం ఆ నీడలోనే బతికి ఉంది. నలుపూ తెలుపూ తేటగా విడివిడిగా, ఆమె చెయ్యి కాస్త కదిపితే ఒకటి ఆరి ఇంకొకటి వెలుగుతూ.

"ఇది ఈరోజుది" అని ఆమె దాని పక్కన వేలు పెట్టింది. "మిగతాయన్నీ నిన్నటియి."

భాయ్ పకపకా నవ్వాడు. "యాభై ఏళ్ళు చేసినాను ఈ పని. ఇంత తేలిగ్గా చెప్పలేకపోయినా తల్లీ" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి వివరించాడు. "రాయి అడుగు సరిగ్గా కోస్తే పైనుంచి పడిన వెలుతురు లోపల తిరిగి మళ్ళా పైకే వస్తాది సామీ. వెడల్పు కనపడాలని అడుగు పలచన చేసినారు వీటికి. చిల్లుకుండ మాదిరి. పోసిన నీళ్ళన్నీ కిందికి కారిపోతాయి. దీపం కిందైతే ధార ఆగదు గాబట్టి నిండినట్టే కనపడతాది." చెన్నైలో భోజనం తర్వాత వాళ్ళు చెప్పింది ఇదేనన్నమాట.

"నీకు మొదటి రోజే తెలుసా భాయ్?" అని అడిగాను.

"నువ్వు చూపించలేదు గదా సామీ" అన్నాడు. అందులో దెప్పిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

కథ అక్కడే తీరిపోయేది, ఆమె మొగుడు లేకపోతే. ఆయన పెద్దగా కనపడే రాయి ఒకటి తీసి ఆమె వేలి మీద పెట్టి చూశాడు. "మే, ఇది చూడు, ఎంత వెడల్పుగా ఉండాదో. ఆ చిన్నది పెట్టుకోని పోతే ఎవురికి కనపడతాది? ఇన్నేళ్ళు నవ్వినోళ్ళందరికీ కనపడాల గదా."

ఆమె రాయిని చూడలేదు, ఆయన ముఖం చూసింది. చూసి, "సరే, నీకు నచ్చితే ఇదే తీసుకుందాంలే" అంది. నిన్నటి చేపను కన్నెత్తి కూడా చూడని మనిషి, మొగుడి మాట కోసం నిన్నటి రాయిని వేలికి పెట్టుకోవడానికి సిద్ధపడింది.

ఆయనకు అది అర్థమైందో లేదో, నా వైపు తిరిగాడు. "అన్నా, నువ్వు చెప్పు. మీ ఇంటామెకైతే ఏది తీసుకుంటావు?"

 భాయ్ తల వంచుకుని ఆకురాయి తుడుచుకుంటున్నాడు. షావుకారు గారు మెట్ల దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డారు. పెద్దది అని ఒక్క మాటంటే చాలు. మొగుడికి సంతోషం, పెళ్ళాం ఒప్పుకునే ఉంది, కౌంటరు నిలుస్తుంది, నా తప్పూ పదకొండింటిలో ఒకటి తగ్గుతుంది. చిన్నది అన్నానంటే, షావుకారు గారి ఎదుటే మిగతా పదకొండూ పనికిరానివని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. పెద్దది అన్న మాట నాలుక మీదికి వచ్చింది కూడా, దాచడమెందుకు. ఇంతలో ఆమె రెండో చెయ్యి కనపడింది. కిటికీ దగ్గర ఇంకా అలాగే నీడ పట్టుకుని ఉంది, పన్నెండో రాయి మీద.

"చిన్నది తీసుకుంటాను" అన్నాను. "ఈ పదకొండూ ఏరింది నేనే. దీపం కింద కూర్చుని ఏరాను, తప్పు ఏరాను. ఆమె చెప్పిందే నిజం." అక్కడితో ఆగలేదు, మొదలుపెట్టాక నోరు ఆగలేదు. "ఇందాక కింద తప్పు మాటన్నాను, మనసులో పెట్టుకోవద్దమ్మా."

"తప్పేముంది అన్నా, నువ్వన్నది నిజమే గదా. ఇది చేపల మార్కెట్టు కాదు" అంది ఆమె. "అక్కడ ఇట్టాంటియి పదకొండు పెట్టుకోని కూర్చుంటే బుట్టతో సహా మనల్ని కూడా నీళ్ళలో వేస్తారు."

ముందు నవ్వింది షావుకారు గారు. గోడ పట్టుకుని, మోకాలు పట్టుకుని నవ్వారు. తర్వాత భాయ్, తర్వాత మెట్ల కింద నుంచి మా కౌంటరు అమ్మాయి. ఆమె మొగుడు కాసేపు అయోమయంగా చూసి, కాగితం మడత దగ్గరికి వంగి, తనూ చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. "అవునే" అన్నాడు. "ఆ రోజు నీళ్ళ మింద ఇట్టనే ఉండె." అంతటితో బేరం అయిపోయింది.

ఉంగరం చేయడం కూడా ఒక ముచ్చటే. చేపలు కోసీ కోసీ ఆమె వేలి కణుపు లావైంది. కణుపు దాటే కొలతకు చేస్తే లోపల వదులై తిరుగుతుంది. భాయ్ లోపలి వైపు బంగారు పూసలు రెండు అతికాడు, దాటేటప్పుడు దాటుతుంది, దాటాక కదలదు. వలకు తగులుకోకుండా రాయి చుట్టూ బంగారాన్ని పిట్టగోడలా కట్టాడు. నెలాఖరు రోజున వాళ్ళు వచ్చేసరికి ముసురు విడిచి ఎండకాసింది. ఆయన ఉంగరాన్ని కణుపు దగ్గరే ఆపేస్తే ఆమే వేలు ముందుకు తోసింది. ఎక్కింది. ఆమె మొదట చేసిన పని, చెయ్యి పైట కిందికి తీసుకుపోయి నీడలో చూసుకోవడం.

"ఇంక నేను నిన్ను ఏమని ఎగతాళి చేసేది?" అంది మొగుడితో.

"ఇంకోటేదన్నా చెప్తాలే, చెయ్యకుండా" అన్నాడాయన.  ముప్పయ్యేళ్ళలో బీరువాలు బీరువాలు బంగారం అమ్మాను గానీ, అమ్మినందుకు అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

షావుకారు గారు పదకొండు రాళ్ళనూ వెనక్కి పంపారు. నన్ను తిట్టలేదు. "ఈసారి భాయ్‌ని తీసుకుపో, టై ఇంట్లో పెట్టిపో" అన్నారు, అంతే. కౌంటరును కింద నుంచి తీసి మేడమీద ఉత్తరపు కిటికీ పక్కన వేయించారు, లైట్లు రెండు మాత్రం ఉంచారు. టై భాయ్‌కి ఇచ్చేశాను. మెత్తటి గుడ్డ, భూతద్దం తుడుచుకోవడానికి బాగుందన్నాడు. బుచ్చిరెడ్డిపాలెం అమ్మాయి ఇప్పుడా కౌంటరుకు పెద్ద, నేను రిటైరయ్యే ముందు నా కుర్చీలో నేనే కూర్చోబెట్టి వచ్చాను. ఎవరైనా వస్తే ముందు చెయ్యి అడ్డం పెట్టి చూడమంటుంది, తర్వాతే కాగితం తీస్తుంది. మీరు ఏ అంగడికి పోయినా అదే చెయ్యండి. రెండు మూడు రాళ్ళు పక్కపక్కన పెట్టించుకుని దీపం కింద నుంచి తప్పించి చూడండి. కాగితమూ చదవండి, అది అబద్ధం చెప్పదు, మనమే భోజనం చేసి కునుకు తీస్తాం.

ఆ దంపతులు ఇప్పుడు నెల్లూరు చేపల మార్కెట్టులోనే అంగడి పెట్టుకున్నారు. ఐసు పెట్టెలు రెండు కాదు, నాలుగున్నాయి. పోయిన ఆదివారం వెళ్ళాను. చూస్తే చేపల మీద తెల్లటి లైట్లు వరసగా వేలాడుతున్నాయి, చేపలన్నీ పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి.

"ఏందమ్మా ఇది?" అన్నాను.

"మీ అంగట్లో చూసిందే గదన్నా. ఆ రోజే అనుకున్నా, ఇట్టాంటియి మనకీ రెండు పెట్టాలని. చేప మంచిదే, లైటు ఉంటే తొందరగా పోతాంది" అంది ఏమాత్రం మొహమాటం లేకుండా. మొగుడు ఐసు పగలగొడుతూ తల ఎత్తాడు. "అన్నా, మా వీధిలో కొళాయి వచ్చింది. ఇప్పుడు రాయుంగరమంటే, ఆలస్యమైనా వస్తాదని చెప్పుకుంటన్నారు."

నేను వంజరం ఒకటి ఎంచుకుని, లైటుకు అడ్డంగా నిలబడి, నా నీడ దాని మీద పడేట్టు చేసుకుని కన్ను చూశాను. ఆమె కత్తి పక్కన పెట్టి నవ్వింది, పక్క అంగళ్ళవాళ్ళు తిరిగి చూసేదాకా నవ్వింది. నవ్వి, చెయ్యి చాచి ఆ లైటు తనే ఆర్పేసింది. నేను ఎంచినదాన్ని పక్కకు నెట్టి, వెనక ఐసు పెట్టెలోంచి ఇంకోటి తీసి పెట్టింది. ఆ మసకలో, పొలుసులంటిన ఆమె వేలి మీద, పన్నెండో రాయి మెరిసింది. చేప ఈరోజుదే. పులుసు మాత్రం, మా ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు, మర్నాడే రుచిగా ఉంది.